ఒక చెవి తలుపు దగ్గరే

ఈ మధ్య మా అడిక్‌మెట్ గల్లీలో ఒక కుర్రాడు ఎదురుపడ్డాడు. సెలవు పెట్టి ఎక్కడో కొండ మీది రిసార్టుకు పోయి వచ్చాడట. "ఎట్లున్నది తమ్మీ?" అని అడిగాను.

"మస్తు రిలాక్స్ అయిన అంకుల్. గని బాగ అలిసిపోయిన. మళ్ల రెండ్రోజులు లీవ్ పెట్టాలె."

నవ్వు వచ్చింది కానీ బయటపెట్టలేదు. నవ్వితే విశ్రాంతి తీసుకోవడంలో నేనేదో పండితుణ్ణి అనుకుంటాడు. కాదు. కానీ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ క్యాంపస్ మొత్తం నన్ను అట్లాగే అనుకుంది. ఆ భ్రమ ఎట్లా పగిలిందో మీ వయసు వాళ్లకు చెప్పాలనిపించి కూర్చున్నాను. ఫోన్ పక్కన పెట్టి చదవండి అనను. చదువుతున్నదే ఫోన్‌లో కావచ్చు.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తాను. తొమ్మిదో తరగతి వాకిలి దాకా పోయాను, లోపల లెక్కల సారు కనబడ్డాడు, వెనక్కి తిరిగాను. అట్లా తిరిగీ తిరిగీ తార్నాక పక్కన యూనివర్సిటీలో, సైకాలజీ డిపార్ట్‌మెంట్ హెడ్ గది ముందు ఒక స్టూలు మీద వచ్చి పడ్డాను. బడి మానేసినవాడు రిటైరయ్యేదాకా యూనివర్సిటీలోనే ఉన్నాడంటే చూడండి, చదువు నా మీద ఎంత పగ పట్టిందో.

అటెండర్ పని మీకు తెలిసిందే. గది బయట స్టూలు, లోపల టేబుల్ మీద గంట. నెత్తిన తడితే టింగుమంటుంది. టింగుమంటే లేవాలి, ఫైలో, చాయో, మనిషో, అడిగింది తేవాలి. రెండు టింగుల మధ్య ఏం చేస్తానంటే, కూర్చుంటాను. చూసేవాళ్లకు అది విశ్రాంతి. "నీ నౌకరి మంచిగున్నదన్నా, కూసొని జీతం" అని వచ్చేపోయేవాళ్లంతా ఈర్ష్యపడేవాళ్లు. "ఔ మరి, గింత సర్వీసుకు నాకు కాకపోయినా స్టూలుకన్న ప్రమోషన్ ఇయ్యాలె" అనేవాణ్ణి. నవ్వేవాళ్లు. నన్ను చూస్తే అందరికీ నిశ్చింతగా ఉన్న మనిషి కనబడేవాడు. నాకు కూడా నేను అట్లాగే కనబడేవాణ్ణి.

నాతో పాటు ఇంకొక అటెండర్ ఉండేది, లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే అక్క. ఆదివారం చర్చిలో పాటలు పాడేది, మిగతా రోజులన్నీ నాకు పాఠాలు చెప్పేది. మా హెడ్ మేడం గుంటూరు వైపు టీచర్ల కుటుంబం నుంచి వచ్చిన మనిషి. మాట మెత్తన, నడక మాత్రం ఎప్పుడూ రైలు తప్పిపోతున్నట్టు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయగానే ఫోన్ వచ్చేది. మాట్లాడుతూ మూత మళ్లీ పెట్టేసేవారు. సాయంత్రం కడగడానికి తీస్తే పప్పన్నం పొద్దున పెట్టినట్టే ఉండేది. ఇంతకూ ఆమె ఏ సబ్జెక్టులో పేరు పొందారంటే, మనిషి విశ్రాంతి ఎట్లా తీసుకోవాలి అన్నదాంట్లో.

ఒకరోజు మా డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి మెట్ల మీద కూలబడిపోయింది. సిద్దిపేట దిక్కు పిల్ల. పీహెచ్‌డీ రాకముందే నేను ఆమెను డాక్టరమ్మా అని పిలిచేవాణ్ణి. ఆకలికి పడిపోయిందనుకుని అక్క అరటిపండు తెచ్చింది. తీరా చూస్తే ఆకలి ఒక్కటే కాదు, నిద్ర లేదు. పొద్దున ట్యూషన్లు చెప్పడం, పగలు ల్యాబు, సాయంత్రం తార్నాకలో ఉద్యోగ పరీక్షల కోచింగు.

"కాసేపు పడుకోవచ్చు కదమ్మా?" అన్నారు మేడం.

"పండుకుంటె భయమైతది మేడం," అంది ఆ పిల్ల. "లేచేసరికి అందరు ముంగటికి పోయి ఉంటరు అనిపిస్తది."

మేడం ఆ పిల్లను ఆటోలో హాస్టల్‌కు పంపించి, నన్ను వెంటబెట్టుకుని కింది అంతస్తులో పాత సామాను గదికి పోయారు. విరిగిన కుర్చీలు, పావురాల ఈకలు, ఎవరూ ముట్టని పెట్టెలు. "ఇది ఖాళీ చేస్తే పిల్లలు వచ్చి కాసేపు నడుం వాలుస్తారు కదయ్యా?" అన్నారు. చేసేది ఏముంది, ఖాళీ చేశాం. అక్క తుడిచిన తుడుపుకు గోడలే కొంచెం పలచబడ్డాయి.

అయితే క్యాంపస్‌లో ఖాళీ గది అంటే రోడ్డు మీద పడ్డ నోటు లాంటిది. ఆ గది మీద జిరాక్స్ సెంటర్ వాళ్ల కన్ను కూడా పడింది. పై ఆఫీసు నుంచి ముగ్గురు పెద్దలు కమిటీగా వచ్చి చూసి తేలుస్తామన్నారు. విశ్రాంతి కూడా ఒక అవసరమేనని వాళ్లకు రుజువు చేయాలి. లేకపోతే గది పోతుంది. డాక్టరమ్మ మళ్లీ ఆ మెట్లే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, ఈసారి ఏ మెట్టు మీద పడుతుందో తెలియదు. మేడం దిగులంతా అదే.

రుజువుకు మా ల్యాబులో ఒక మిషన్ ఉండేది. వేళ్లకు తీగలు కడతారు. మనిషి లోపల కంగారుంటే కుయ్యిమని గట్టిగా కూస్తుంది, నిమ్మళమైనకొద్దీ సద్దు తగ్గుతూ దోమ దూరం పోయినట్టు పోతుంది. కమిటీ ముందు ఒక మనిషిని కూర్చోబెట్టి, నిజమైన విశ్రాంతి ఇదిగో ఇట్లా ఉంటుందని వాళ్ల చెవులకే వినిపించాలని మేడం ఆలోచన. విద్యార్థులను కూర్చోబెట్టి చూస్తే ఒక్కొక్కరు పోలీస్ జీపులా మోగారు. అప్పుడు మేడం చూపు తలుపు బయటికి, నా స్టూలు మీదికి వచ్చింది.

"మన క్యాంపస్‌లో మీ అంత నిశ్చింతగా ఉండే మనిషి ఇంకెవరున్నారయ్యా?"

అక్క పక్కనుంచి అందుకుంది. "గా మిషన్‌కు ఇతన్ని కడితె మిషనే నిద్రపోతది మేడం."

కమిటీ వచ్చే ముందు రోజు ఒకసారి వేసి చూశారు. నా స్టూలు మీద అక్కను కూర్చోబెట్టి, నన్ను లోపల వాలుకుర్చీలో వాల్చారు. మిషన్ నడిపేది డాక్టరమ్మ. "అంకుల్, జోకులెయ్యకుండ కండ్లు మూసుకోండి" అంది. మూసుకున్నాను. కాసేపటికి దోమ దూరం పోయింది. మేడం ముఖం చూడాల్సింది, పండగ.

మరునాడు కమిటీ వచ్చింది. ల్యాబులో ఉక్కగా ఉంటుందని మేడం తన గదిలోనే ఏర్పాటు చేశారు, అక్కడైతే ఏసీ ఉంది. ముగ్గురిలో పెద్దాయనకు తెల్ల మీసాలు. ఆయన ఒక చేత్తో ఫోన్, ఇంకొక చేత్తో ఇంకొక ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. నన్ను వాలుకుర్చీలో వాల్చి వేళ్లకు తీగలు కట్టారు. అక్క వచ్చినవాళ్లకు చాయ్ తేవడానికి క్యాంటీన్‌కు పోయింది.

మిషన్ మొదలైంది. కుయ్యిమంది.

"భుజాలు వదిలేయండి," అన్నారు మేడం మెల్లగా. "దవడ వదిలేయండి. నుదురు వదిలేయండి."

అన్నీ ఇక్కడే వదిలేస్తే ఇంటికి ఏం పట్టుకుపోవాలి అని నోటి దాకా వచ్చింది. డాక్టరమ్మ ముఖం గుర్తొచ్చి మింగేశాను. నిన్న చెప్పిన మాట విన్న మిషన్ ఇవాళ వినడం లేదు. కూత కొంచెం తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. నేను కళ్లు గట్టిగా మూసుకుంటే ఇంకా గట్టిగా కూస్తుంది. మేడం గొంతు ఇంకా మెత్తబడింది, నేను ఊపిరి లెక్కబెట్టడం మొదలుపెట్టాను, ఎట్లాగో చివరికి సద్దు దిగడం మొదలైంది. దిగింది. ఇంకా దిగింది. గదిలో ఏసీ శబ్దం కూడా వినబడుతోంది. కమిటీ వాళ్లు ముందుకు వంగారట, తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

అప్పుడు పెద్దసారుకు పొలమారింది. దగ్గు మొదలైంది.

మేడం మర్యాద గల మనిషి. అతిథి దగ్గితే నీళ్లు ఇవ్వాలి. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి, కళ్లు నా మీదే ఉండగానే టేబుల్ మీదికి పోయి గంట తట్టింది.

టింగ్.

"వస్తున్న మేడం!" అని లేచాను.

లేచి ఊరుకోలేదు. మూలనున్న నీళ్ల జగ్గు దాకా పోయాను. తీగలు నాతో వచ్చాయి. తీగల వెనక మిషన్ వచ్చింది, టేబుల్ అంచు దాకా వచ్చి కింద పడింది, ఒక్కసారి మేక గొంతు నొక్కినట్టు అరిచి ఊరుకుంది. నేను ఆగానా? గ్లాసులో నీళ్లు పోసి, వేళ్లకు తీగలు వేలాడుతుండగా పెద్దసారు చేతికి అందించాను. ఆయన తాగారు కూడా.

మేడం తన చెయ్యి ఇంకా గంట మీదే ఉండడం చూసుకున్నారు. చేయి తీసి ఒళ్లో పెట్టుకుని, "నేను ఎవరిని పిలిచాను?" అన్నారు, తనను తానే అడుగుతున్నట్టు. డాక్టరమ్మ కింద కూర్చుని మిషన్ ఒళ్లో పెట్టుకుంది. ఆ గదిలో నవ్వించగల మనిషి నేనొక్కణ్ణే, నేనేమో వేళ్లకు వేలాడే తీగలు చూసుకుంటూ నిలబడ్డాను.

పెద్దసారు గ్లాసు కింద పెట్టి నన్ను అడిగారు. "నిజం చెప్పు. గంట కొట్టక ముందు నీకు నిద్ర పట్టిందా?"

"సగం పట్టింది సార్."

"మిగతా సగం?"

"ఒక చెవి తలుపు దగ్గర్నే ఉన్నది సార్. స్టూలు ఖాళీగ ఉన్నది గద. అక్క చాయ్‌కి పోయింది."

ఆ మాట నేనేదో లోతుగా ఆలోచించి అనలేదు. అడిగారు, చెప్పాను. ఆయన మాత్రం ఒళ్లోని రెండు ఫోన్ల వైపు కాసేపు చూశారు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "ఇది ఇంక మోగదా?" అన్నారు.

"మోగదు సార్," అంది ఏడుపు గొంతుతో.

"మంచిదయింది. అది కూస్తుంటే నాకు బీపీ పెరిగింది." లేచి నిలబడ్డారు. "మేడం, గది తీసుకోండి. పరీక్షలయ్యేదాకా చూద్దాం. పిల్లలు నిజంగా వాడుకుంటే ఉంచుదాం. లేదంటే జిరాక్స్ వాళ్లు కాచుకుని ఉన్నారు."

చాయ్ తెచ్చిన అక్క తలుపు దగ్గరే నిలబడి నా వేళ్ల తీగలు చూసి, "ఏంది తమ్మీ, కరెంటు బిల్లు కట్టలేదా?" అంది. అప్పుడు నవ్వారు అందరూ, మేడంతో సహా.

గది తెరిచాం. చాపలు, దిండ్లు, వాలుకుర్చీలు, పచ్చ కర్టెన్లు. మేడం ఇంటి నుంచి ఒక మొక్క తెచ్చి కిటికీలో పెట్టారు. పిల్లలు కూడా బాగానే వచ్చారు. వచ్చి ఏం చేశారో అడగండి. వాలుకుర్చీలో నిటారుగా కూర్చుని ఫోన్ చూసుకున్నారు. ఒకడు చాప మీద ల్యాప్‌టాప్ పరిచి ఆన్‌లైన్ పరీక్ష రాశాడు. ఇక్కడ గొడవ ఉండదు కాబట్టి చదువుకోవడానికి బాగుందని ఇంకొకడు. "అంకుల్, వైఫై పాస్‌వర్డ్ ఏంది?" అని ఒక పిల్ల.

"నిద్ర," అన్నాను.

"స్పెల్లింగ్ చెప్పండి అంకుల్," అంది, నిజంగానే టైపు చేయబోతూ.

మేడం రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి చూసి పోయేవారు. లోపలికి మాత్రం రాలేదు. జిరాక్స్ అతను కూడా వచ్చి చూసి పోయేవాడు. ఒకసారి చేతిలో టేపు కూడా ఉంది, గోడలు కొలవడానికి.

ఒక మధ్యాహ్నం గదిలో డాక్టరమ్మ ఒక్కతే ఉంది. చాప మీద గోడకు ఆనుకుని, కళ్లు తెరుచుకుని. కిటికీలో మొక్కకు నీళ్లు పోద్దామని పోయాను.

"అంకుల్," అంది, "పది నిమిషాలు పండుకుంట. లేపుతరా?"

"లేపుత."

"మర్చిపోతె?"

"గంట కొట్టక ముందే లేచేటోణ్ణి బిడ్డా. నీ ముంగటనే లేచిన గద, మిషన్‌తో సహా."

నవ్వింది. అయినా పడుకోలేదు. చేతిలో ఫోన్ అటూ ఇటూ తిప్పుతూ ఉంది. తర్వాత అది నా చేతిలో పెట్టింది. ఏదో చంటిపిల్లను అప్పజెప్పినట్టు రెండు చేతులతో పెట్టింది.

"అమ్మ ఫోన్ చేస్తదేమో."

"నేను మాట్లాడత. ఏం చెప్పాలె?"

"తిన్నదని చెప్పుండ్రి."

"తిన్నవా?"

"లేదు."

"అయితె పండుకున్నదని చెప్త. అదన్న నిజమైతది."

నా స్టూలు తెచ్చుకుని గుమ్మంలో వేసుకుని కూర్చున్నాను, వచ్చేవాళ్లు నన్ను దాటకుండా లోపలికి పోలేనట్టు. వెనక్కి తిరిగి చూసేసరికి ఆ పిల్ల నిద్రపోయింది. దిండు మీదికి కూడా జరగలేదు, ఉన్నచోటే ఒరిగిపోయింది. వాళ్లమ్మ నిజంగానే ఫోన్ చేసింది. పండుకున్నదమ్మా అని చెప్తే, "లేపకుండ్రి సార్," అంది. నన్ను సార్ అన్నది ఆమె ఒక్కతే, అదీ నేను కనబడను కాబట్టి.

అమ్మ మాట ఒకవైపు, పిల్లకు ఇచ్చిన మాట ఒకవైపు. పది నిమిషాలకు లేపాను. లేపకపోతే ఇంకోసారి నన్ను నమ్మి పడుకోదు. కళ్లు తెరిచి, గోడ గడియారం చూసి, నన్ను చూసి, "ఇంకొక పది అంకుల్" అని ఆ వైపు తిరిగి పడుకుంది. ఈసారి ఫోన్ సంగతి అడగలేదు.

మరునాడు ఆ పిల్ల ఇంకొక ఇద్దరిని తెచ్చింది. ఆ ఇద్దరు ఇంకొందరిని. ఫోన్లు నా చేతుల్లో పట్టలేదు, అక్క చాయ్ ట్రే తెచ్చి స్టూలు పక్కన పెట్టింది. మధ్యాహ్నం పూట ట్రే నిండా ఫోన్లు, పెనంలో చేపల్లా ఎగిరెగిరి పడేవి. నాకు పైన పని ఉంటే స్టూలు మీద అక్క. ఆమె ఫోన్లు ఎత్తే తీరు వేరు. "మీవాడు పండుకున్నడు. ఏం మునిగిపోదు, లేచినంక చేపిస్త," అని పెట్టేసేది. అవతల ఎవరో, గైడో, గర్ల్‌ఫ్రెండో ఆమెకు పట్టింపు లేదు. పరీక్ష ఉన్నవాడు టైము చెప్పి పడుకునేవాడు, ఆ టైముకు లేపేవాళ్లం. ఎవరినీ మర్చిపోలేదు. మర్చిపోతే ఆ గది ఆ రోజే మూతపడేది.

పరీక్షలయ్యాక పెద్దసారు చెప్పకుండా వచ్చారు. గుమ్మం బయట చెప్పులు, లోపల నోళ్లు తెరుచుకుని పడుకున్న పిల్లలు. ఆయన లోపలికి అడుగు వేయబోతుంటే జేబులో ఫోన్ మోగింది. అక్క స్టూలు మీంచి లేవకుండానే ట్రే ముందుకు జరిపింది.

"ఇండ్ల పెట్టుండ్రి సార్."

ఆయన ట్రే చూశారు, ఫోన్ చూశారు, అడుగు వెనక్కి తీసుకున్నారు. మునివేళ్ల మీద నడుస్తూ వెళ్లిపోయారు. గది మాకే ఉండిపోయింది. జిరాక్స్ అతను క్యాంటీన్ పక్కకు పోయాడు, ఇప్పుడు అక్కడ చాయ్ కూడా అమ్ముతున్నాడట.

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ గుమ్మం దాకా వచ్చి రోజూ వెనక్కి పోయే మనిషి ఒకరు మిగిలారు కదా.

నా రిటైర్మెంట్ దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం నేను గుమ్మంలో స్టూలు మీద ఉంటే మేడం వచ్చారు. ఎప్పట్లా నిలబడి చూస్తారనుకున్నాను. ముఖం వడలిపోయి ఉంది. పొద్దున్నుంచి మీటింగులు, డబ్బా మూత కూడా తీయలేదు. ఫోన్ ట్రేలో పెట్టారు. చీర కొంగు చాటు నుంచి ఇంకొకటి తీసి దాని పక్కన పెట్టారు. చూద్దును కదా, గంట. టేబుల్ మీది గంట.

"ఇది కూడా మీ దగ్గరే ఉంచండి," అన్నారు. "పైన పెట్టి వస్తే చెయ్యి దాని మీదే ఉన్నట్టుంటుంది."

"ఎంతసేపటికి లేపాలె మేడం?"

"మీ ఇష్టమయ్యా."

అంత పెద్ద ఫైలు ఆమె ఎప్పుడూ నా చేతికి ఇవ్వలేదు. డాక్టరమ్మ పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది. మేడం కళ్లజోడు తీసి పక్కన పెట్టుకుని పడుకున్నారు. ఆమె నడక ఆగడం నేను చూడడం అదే మొదలు.

కాసేపటికే ఆమె ఫోన్ మోగింది. పై ఆఫీసు. ఎత్తాను.

"మేడం మీటింగ్‌ల ఉన్నరు సార్."

"ఏ మీటింగ్?"

"స్టూడెంట్లతోటి సార్. అందరు ఒక్క మాట మీదున్నరు."

పెట్టేశాక చూస్తే అక్క నా పక్కనే నిలబడి ఉంది, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వు ఆపుకుంటూ. నవ్వు అయ్యాక నన్ను ఎగాదిగా చూసింది.

"తమ్మీ, లే. స్టూలు నాకియ్యి. పొయ్యి నువ్వు గూడ ఒరుగు."

"నాకేంది అక్కా, నేను పొద్దంత కూసునే ఉంట గద."

"నీ కూసునుడు సంగతి గా మిషన్ నాడే చెప్పింది. పో. నేనున్న."

పోయి గోడకు ఒరిగాను. కళ్లు మూసుకోవడం వరకే నాకు గుర్తుంది.

తర్వాతిది అక్క చెప్పిన మాట. డాక్టరమ్మ లేచి తన ఫోన్ కోసం ట్రేలో చెయ్యి పెట్టిందట. ఫోన్లు జరిగి చెయ్యి గంటకు తగిలిందట. టింగ్. గది గదంతా వినబడేటట్టు. ఆ పిల్ల నాలుక కరుచుకుని నా వైపు చూసిందట, అక్క కూడా చూసిందట. మేడం ఆ పక్కకు ఒత్తిగిలి పడుకున్నారట.

మొదట నేను నమ్మలేదు. కానీ అక్క చర్చిలో పాడే మనిషి, అబద్ధం ఆడదు. ఆడినా శ్రుతి తప్పదు, కానీ అది చెప్పేటప్పుడు ఆమె నవ్వడం లేదు.

డాక్టరమ్మ ఇప్పుడు నిజంగానే డాక్టరమ్మ. ఎక్కడో పాఠాలు చెబుతోంది, ఎప్పుడైనా ఫోన్ చేసి, "పండుకుంటున్నరా అంకుల్?" అని అడుగుతుంది. పడుకుంటున్నానని చెప్తాను. సగం నిజం. ఇంట్లో కుక్కర్ కూస్తే ఇప్పటికీ లేచి నిలబడతాను, "కూసో, నేను చూస్త" అని మా ఆవిడ అరిచేదాకా.

మా గల్లీ కుర్రాళ్లు అడుగుతుంటారు, "సర్వీసుల గొప్ప పని ఏం చేసినవ్ అంకుల్?" అని. ఆలోచిస్తే ఒక్కటే కనబడుతుంది. ఒకసారి గంట మోగింది. నేను లేవలేదు.